ఐర్లాండ్‌లో పోయిన ప్రాణాలు: ఎవరిని లెక్కలోకి తీసుకోవాలి?

లిఫీ_ఒడ్డున
కొన్నేళ్లుగా డబ్లిన్‌లో ఉంటున్నాను. మా ఇంటి నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఐలండ్‌బ్రిడ్జ్ యుద్ధ స్మారక తోట ఉంది. 1914-18 యుద్ధంలో పోయిన 49,400 మంది ఐరిష్ వాళ్ల జ్ఞాపకార్థం అని గోడ మీద చెక్కారు. మామూలు రోజుల్లో వెళ్తే కుక్కల్ని తిప్పుకునేవాళ్లు తప్ప పెద్దగా ఎవరూ కనపడరు. అదే 1916లో బ్రిటిష్ పాలన మీద జరిగిన ఈస్టర్ తిరుగుబాటుకి కేంద్రమైన జీపీఓ (పెద్ద పోస్టాఫీసు) దగ్గర, ఆ నాయకుల్ని కాల్చి చంపిన కిల్‌మెయిన్‌హామ్ జైలు దగ్గర అయితే జనమే జనం. మన తెలుగు వీడియోల్లో ఇంకా ఘోరం. "1916లో 16 మందికి మరణశిక్ష అమలు చేశారు, దాంతో దేశం లేచింది" అని రెండు ముక్కల్లో తేల్చేస్తారు. ఆ ఒక్క ఈస్టర్ వారంలోనే దాదాపు 485 మంది పోయారు. అందులో సగం పైన ఆయుధం ముట్టని మామూలు జనం. వాళ్ల గురించి ఒక్కరూ మాట్లాడరు.

ఇక్కడి తెలుగు సంఘం సావనీర్‌కి దీని మీద వ్యాసం రాస్తున్నాను. ఎవరెవరిని కలపాలి, ఎవరిని వదలాలి అన్న దగ్గరే ఆగిపోయాను. మీరేమంటారు?

బందరురోడ్
ఇందులో ఆలోచించడానికేముంది? రాజుగారి యూనిఫాం వేసుకుని పోయినవాళ్లు సైనికులు. దేశం కోసం తుపాకీ పట్టి పోయినవాళ్లు అమరులు. రెండింటినీ ఒకే గాటన కడితే అమరులకు అన్యాయం చేసినట్టే.

పాలమూరు_పిల్ల
నాకో సందేహం. బ్రిటన్ మీద అంత కోపం ఉన్నవాళ్లు అంతమంది ఆ సైన్యంలో ఎందుకు చేరారు? బలవంతంగా పట్టుకెళ్లారా?

చరిత్ర_పురుగు
పాలమూరు_పిల్ల గారూ, బలవంతం లేదు. ఐర్లాండ్‌లో నిర్బంధ సైనిక సేవ ఎప్పుడూ అమలు కాలేదు. 1918 ఏప్రిల్‌లో పెట్టాలని చూస్తే ఏప్రిల్ 23న దేశమంతా సమ్మె చేసి ఆపేశారు. యుద్ధం మొత్తమ్మీద రెండు లక్షల మందికి పైగా వెళ్లారు. అంతకుముందే సైన్యంలో ఉన్నవాళ్లను తీసేస్తే మిగతావాళ్లంతా సొంతంగా చేరినవాళ్లే.

ఎందుకు చేరారంటే కారణం ఒక్కటి కాదు. 1914 సెప్టెంబరులో హోం రూల్ (ఐర్లాండ్‌కి స్వపరిపాలన) చట్టం పాసైంది, కానీ యుద్ధం అయ్యేదాకా అమలు వాయిదా. ఐరిష్ పార్టీ నాయకుడు జాన్ రెడ్‌మండ్ వుడెన్‌బ్రిడ్జ్ అనే ఊళ్లో నిలబడి, యుద్ధం ఎక్కడ జరిగితే అక్కడికి వెళ్లి పోరాడండి అని పిలుపిచ్చాడు. మనం ఇప్పుడు సాయం చేస్తే రేపు వాళ్లు మాట నిలబెట్టుకుంటారన్న నమ్మకం. ఆ పిలుపుతో హోం రూల్ కోసం కూడిన ఐరిష్ వాలంటీర్ల దళం రెండుగా చీలింది. లక్షన్నర పైన రెడ్‌మండ్ వైపు వెళ్లారు, పది పన్నెండు వేల మంది ఒప్పుకోలేదు. ఆ చిన్న ముక్క నుంచే 1916 తిరుగుబాటు వచ్చింది.

ఇక డబ్లిన్ మురికివాడల సంగతి. 1913లో అక్కడ పెద్ద లాకౌట్ నడిచింది, నెలల తరబడి కూలీ లేదు. సైన్యంలో చేరితే భార్యకి ప్రతి వారం భత్యం. ఆ డబ్బుతో ఇల్లు గడిచిన కుటుంబాలు ఎన్నో. బందరురోడ్ గారు "రాజుగారి కోసం" అన్నారు కానీ వాళ్లలో చాలామంది పిల్లల అన్నం కోసం వెళ్లారు.

బందరురోడ్
అన్నం కోసం వెళ్లినవాళ్ల మీద నాకు జాలి ఉంది. జాలి వేరు, గౌరవం వేరు.

రాజోలు_మాస్టారు
ముందు అంకె సరిచేసుకోండి బాబూ. ఆ 49,400లో ఐరిష్ రెజిమెంట్లలో ఉన్న ఇంగ్లీషు వాళ్లు, స్కాట్లాండ్ వాళ్లు కూడా ఉన్నారు. ఆ జాబితాలో ఐర్లాండ్‌లో పుట్టినట్టు రాసి ఉన్నవాళ్లు సుమారు 31 వేలు. మరోవైపు ఆస్ట్రేలియా, కెనడా, అమెరికా సైన్యాల్లో చేరి పోయిన ఐరిష్ వాళ్లు ఇందులో పూర్తిగా లేరు. సావనీర్‌లో 49,400 వేస్తే అది స్మారకం మీదున్న అంకె అని ఒక ముక్క కలపండి. నా విద్యార్థి అయితే అర మార్కు కోసేవాణ్ణి.

ఆ తోటని కట్టిన ఆర్కిటెక్టు మన ఢిల్లీ ఇండియా గేట్ కట్టిన లట్యెన్సే. రెండుచోట్లా స్మరించుకునేది ఎక్కువగా ఒకే యుద్ధంలో పోయినవాళ్లనే.

లిఫీ_ఒడ్డున
అర మార్కు ఇప్పుడే వెనక్కి ఇచ్చేయండి మాస్టారూ, మార్చేస్తున్నాను.

నైట్‌డ్యూటీ_సిస్టర్
నేను బెల్‌ఫాస్ట్‌లో, అంటే ఇప్పటికీ బ్రిటన్ కింద ఉన్న ఉత్తర ఐర్లాండ్‌లో పనిచేస్తాను. ఇక్కడ కథ పూర్తిగా తిరగబడి ఉంటుంది. మా ఆసుపత్రికి వెళ్లే దారిలో గోడల నిండా ఫ్రాన్స్‌లో జరిగిన సోమ్ యుద్ధం బొమ్మలే. 1916 జులై 1న 36వ అల్‌స్టర్ డివిజన్ థీప్‌వాల్ దగ్గర దాడికి దిగింది. రెండు రోజుల్లో రెండు వేల మంది దాకా పోయారు. ఆ డివిజన్‌లో చాలామంది హోం రూల్ వద్దని ఆయుధాలు పట్టిన అల్‌స్టర్ వాలంటీర్లు. ఇక్కడి ప్రొటెస్టెంట్ ఇళ్లలో ఆ తేదీ అంటే సంవత్సరీకం లాంటిది. కొన్ని వీధులు దాటి క్యాథలిక్ పేటలోకి వెళ్తే గోడల మీద 1916 తిరుగుబాటు నాయకులు పియర్స్, కానలీ. రెండు పేటల వాళ్లూ మా వార్డులో పక్కపక్క మంచాల మీదే పడుకుంటారు. కానీ వాళ్ల ముందు నేను ఈ టాపిక్ ఎత్తను.

చరిత్ర_పురుగు
సిస్టర్ గారు చెప్పినదానికి జోడింపు. సోమ్‌లోనే సెప్టెంబరులో గిల్‌మాంట్, జిన్షీ ఊళ్ల దగ్గర 16వ ఐరిష్ డివిజన్ పోరాడింది. వీళ్లు ఎక్కువగా హోం రూల్ కావాలన్న క్యాథలిక్కులు. ఆ మరుసటి ఏడు 1917 జూన్ 7న బెల్జియంలో మెసీన్ దగ్గర ఈ రెండు డివిజన్లూ పక్కపక్కనే నడిచాయి. రెడ్‌మండ్ తమ్ముడు విల్లీ రెడ్‌మండ్ పార్లమెంటు సభ్యుడు, వయసు 56. అయినా దాడికి వెళ్తానని పట్టుబట్టి వెళ్లి గాయపడి చనిపోయాడు. ఆయన్ని మోసుకొచ్చింది అల్‌స్టర్ డివిజన్ వాళ్లు. ఆయన చనిపోవడంతో ఖాళీ అయిన ఈస్ట్ క్లేర్ సీటుకి జులైలో ఉప ఎన్నిక వచ్చింది. గెలిచింది ఎవరనుకున్నారు? 1916 తిరుగుబాటులో పోరాడి అప్పుడే జైలు నుంచి వచ్చిన డి వలేరా. ఐర్లాండ్ రాజకీయం ఎటు తిరిగిందో ఆ ఒక్క సీటు చూస్తే తెలిసిపోతుంది.

పాలమూరు_పిల్ల
అమ్మో, సినిమా కథలా ఉంది.

ఫౌజీ_నెల్లూరు
నేను రిటైర్డ్ సుబేదార్ని. బందరురోడ్ తమ్ముడికి ఒక మాట. మా ముత్తాత మొదటి ప్రపంచ యుద్ధంలో మెసపొటేమియా వెళ్లొచ్చాడు. ఆయన పతకం మా ఇంట్లో ఉంది. మా తాత కాంగ్రెస్‌లో తిరిగేవాడు, ఆ పతకం బయట కనపడితే సిగ్గని ట్రంకుపెట్టె అడుగున దాయించాడు. నేను సైన్యంలో చేరాక మా నాన్న దాన్ని తీసి నా చేతికిచ్చాడు. ఎవరిది తప్పు అంటే నేను చెప్పలేను. ఐర్లాండ్‌లో ఇలాంటి పెట్టెలు ఇంటింటా ఉండి ఉంటాయి.

చరిత్ర_పురుగు
సుబేదార్ గారూ, మెసపొటేమియా అంటే గుర్తొచ్చింది. టామ్ బ్యారీ అని కార్క్ కుర్రాడు, బ్రిటిష్ సైనికుడిగా మెసపొటేమియాలో ఉండగా ఈస్టర్ తిరుగుబాటు కబురు విన్నాడు. ఇంటికి తిరిగొచ్చాక ఐఆర్ఏలో (స్వాతంత్ర్యం కోసం బ్రిటన్‌తో పోరాడిన ఐరిష్ రిపబ్లికన్ ఆర్మీ) చేరాడు. 1920 నవంబరు 28న కిల్‌మైకేల్ దగ్గర ఆగ్జిలరీల (పోలీసులకి తోడుగా తెచ్చిన బ్రిటిష్ మాజీ సైనికాధికారుల దళం) లారీల మీద మాటు వేసిన దళానికి నాయకుడు అతనే. ఎమెట్ డాల్టన్ కూడా అంతే. జిన్షీలో బ్రిటిష్ సైన్యం ఇచ్చిన మిలిటరీ క్రాస్ సంపాదించాడు, తర్వాత ఐఆర్ఏ అగ్రనాయకుడు మైకేల్ కాలిన్స్‌కి కుడిభుజం అయ్యాడు. మరి వీళ్లు ఏ గాటన, బందరురోడ్ గారూ?

బందరురోడ్
వాళ్లు దారి మార్చుకున్నారు కాబట్టే వాళ్ల పేర్లు నిలిచాయి. నేను చెప్పేదీ అదే కదా. చివరికి ఎవరి వైపు నిలబడ్డావన్నది ముఖ్యం.

మదనపల్లె_టమాటా
దారి మార్చుకునే అవకాశం రాకుండానే పోయినవాళ్ల మాటేమిటి అన్నా? ఒక్క ఇంటి సంగతి చెప్తాను, మా ఊరికీ కొంచెం సంబంధం ఉంది.

డబ్లిన్‌లో షీహీ కుటుంబం. ఒక అమ్మాయి హానా, భర్త ఫ్రాన్సిస్ షీహీ స్కెఫింగ్టన్. అతను యుద్ధాలే వద్దనే మనిషి. ఈస్టర్ వారంలో దుకాణాల లూటీ ఆపడానికి జనాన్ని కూడగట్టబోయి సైన్యానికి దొరికాడు. ఏప్రిల్ 26న పోర్టోబెల్లో బ్యారక్స్‌లో బోవెన్ కోల్ట్‌హర్స్ట్ అనే అధికారి విచారణ లేకుండా కాల్పించేశాడు. ఆ అధికారి కూడా కార్క్ జిల్లా వాడే, ఐరిష్. ఇంకో అమ్మాయి మేరీ, భర్త టామ్ కెటిల్, యూనివర్సిటీలో ఎకనామిక్స్ ప్రొఫెసర్, మాజీ ఎంపీ. బెల్జియం మీద జర్మనీ దాడి చూసి బ్రిటిష్ సైన్యంలో చేరాడు. తోడల్లుడు హత్యకి గురైన ఆ సైన్యపు యూనిఫాంలోనే సెప్టెంబరు 9న జిన్షీలో చనిపోయాడు. అయిదు నెలలు తిరక్కుండా అక్కచెల్లెళ్లిద్దరూ విధవలయ్యారు. ఎవరు అమరుడు, ఎవరు కాదు?

మా ఊరి సంబంధం ఏంటంటే, హానాతో కలిసి 1908లో ఐర్లాండ్‌లో మహిళల ఓటుహక్కు సంఘం పెట్టిన మార్గరెట్ కజిన్స్ 1915లో ఇండియా వచ్చి మదనపల్లెలో ఉంది. 1919లో టాగోర్ మా కాలేజీకి వచ్చినప్పుడు జనగణమన బాణీని స్వరాలుగా రాసిపెట్టింది ఆవిడే.

పాలమూరు_పిల్ల
మదనపల్లె అంటే టమాటా మార్కెట్టే అనుకున్నా ఇన్నాళ్లూ!

మదనపల్లె_టమాటా
అందుకే ఈ పేరు పెట్టుకున్నా, టమాటా నుంచి మొదలుపెట్టి టాగోర్ దాకా లాక్కొస్తా అందర్నీ.

బరంపురం_బస్సు
మదనపల్లె వాళ్లు మాట్లాడాక బరంపురం వాళ్లు ఊరుకుంటే ఎలా. వి.వి.గిరి గారు 1913లో లా చదవడానికి డబ్లిన్ వెళ్లారు. అక్కడ యూనివర్సిటీ కాలేజీలో ఇంగ్లీషు చెప్పిన థామస్ మెక్‌డొనా, 1916 స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం పెట్టిన ఏడుగురిలో ఒకడు. మే 3న మొదటి రోజు కాల్చి చంపిన ముగ్గురిలో ఒకడు. తిరుగుబాటు తర్వాత గిరి గారిని కూడా దేశం వదిలి పొమ్మన్నారు. తర్వాత కార్మిక నాయకుడయ్యారు, ఆపైన రాష్ట్రపతి. ఐరిష్ పోరాటం ఆయన మీద ఎంత పనిచేసిందో ఆయనే చాలాసార్లు చెప్పుకున్నారు.

లిఫీ_ఒడ్డున
మెక్‌డొనా పేరు వచ్చింది కాబట్టి. ఆయన చనిపోయినప్పుడు ఎలిజీ (స్మృతిగీతం) రాసిన కవి ఫ్రాన్సిస్ లెడ్విడ్జ్ అప్పటికి బ్రిటిష్ సైన్యంలో ఉన్నాడు. 1917 జులై 31న బెల్జియంలో ఈప్ర దగ్గర రోడ్డు వేసే పనిలో ఉండగా షెల్ పడి పోయాడు. తిరుగుబాటుదారుడి కోసం ఏడ్చిన సైనికుడు. ఇతన్ని వదిలేసి నేను వ్యాసం ఎలా రాయను?

కార్క్_కుర్రాడు
మీరంతా ఫ్రాన్స్, బెల్జియం చుట్టూ తిరుగుతున్నారు. బందరురోడ్ అన్న వైపు కూడా ఒకరు మాట్లాడాలి కదా. నేను కార్క్‌లో ఎంఎస్ చేస్తున్నా. 1919-21 స్వాతంత్ర్య యుద్ధం సంగతి చూడండి. ఈ ఊరి మేయర్ టోమాస్ మెక్‌కర్టన్‌ని 1920 మార్చి 20న ఇంట్లోనే, పెళ్లాం పిల్లలు ఉండగా కాల్చి చంపారు. తర్వాత మేయర్ అయిన టెరెన్స్ మెక్‌స్వీనీని అరెస్టు చేసి లండన్ బ్రిక్స్‌టన్ జైల్లో పెడితే 74 రోజులు నిరాహార దీక్ష చేసి అక్టోబరు 25న కన్నుమూశాడు. వారం తిరిగాక నవంబరు 1న 18 ఏళ్ల ఐఆర్ఏ కుర్రాడు కెవిన్ బ్యారీని ఉరితీశారు. నవంబరు 21 ఉదయం కాలిన్స్ మనుషులు డబ్లిన్‌లో బ్రిటిష్ గూఢచారి అధికారుల్ని చంపితే, మధ్యాహ్నం క్రోక్ పార్క్‌లో ఫుట్‌బాల్ మ్యాచ్ చూస్తున్న జనం మీద బ్రిటిష్ బలగాల కాల్పులు. 14 మంది పోయారు. టిపరరీ జట్టు ఆటగాడు మైకేల్ హోగన్ మైదానంలోనే పడిపోయాడు. పోయినవాళ్లలో పదేళ్ల పిల్లాడు కూడా ఉన్నాడు. డిసెంబరు 11 రాత్రి బ్రిటిష్ బలగాలే కార్క్ సిటీ సెంటర్ తగలబెట్టాయి. ఇదంతా ఒక్క ఏడాదిలో. ఇవన్నీ అనుభవించినవాళ్లకి ఆ యూనిఫాం మీద గౌరవం ఎలా ఉంటుంది చెప్పండి. మర్చిపోయారని తప్పుపట్టడం తేలిక.

మన జతిన్ దాస్ 1929లో లాహోర్ జైల్లో 63 రోజుల దీక్ష తర్వాత పోయినప్పుడు మెక్‌స్వీనీ కుటుంబం నుంచి టెలిగ్రాం వచ్చింది. ఆ దుఃఖం ఎలాంటిదో వాళ్లకి తెలుసు.

బందరురోడ్
కార్క్ తమ్ముడూ, ఈ చర్చలో మొదటి అసలు పోస్టు నీదే.

ఫౌజీ_నెల్లూరు
1920 అంటే మన గడ్డ మీద జరిగింది కూడా చెప్పుకోవాలి. జలంధర్‌లో కనాట్ రేంజర్స్ అనే ఐరిష్ రెజిమెంటు ఉండేది. తమ దేశంలో బ్లాక్ అండ్ టాన్స్ (పోలీసులకి తోడుగా బ్రిటన్ నుంచి తెచ్చిన బలగం) చేస్తున్న అకృత్యాల కబుర్లు చేరాయి. జూన్ 28న ఆయుధాలు కింద పెట్టేశారు, ఇక ఈ సైన్యంలో పనిచెయ్యం అని. అది సోలన్ దాకా పాకింది. అక్కడ ఆయుధాగారం మీదికి వెళ్లినప్పుడు ఇద్దరు చనిపోయారు. జేమ్స్ డాలీని నవంబరు 2న డగ్‌షాయ్‌లో ఫైరింగ్ స్క్వాడ్ ముందు నిలబెట్టారు. డగ్‌షాయ్ జైలు నేను చూశాను. ఆ సెల్లులో గాలి కూడా సరిగా ఆడదు. 1970లో అతని అవశేషాల్ని ఐర్లాండ్ తీసుకెళ్లారు. తమ్ముడూ, అతను బ్రిటిష్ యూనిఫాంలో ఉన్నవాడే.

రాజోలు_మాస్టారు
ఇటువైపూ చూడాలి సుబేదార్ గారూ. జలియన్‌వాలా బాగ్ అప్పుడు పంజాబ్‌ని ఏలిన మైకేల్ ఓ'డ్వయర్ టిపరరీ నుంచి వచ్చిన ఐరిష్ క్యాథలిక్. కాల్పులు జరిపించిన డయ్యర్ చదువుకున్నది కార్క్ దగ్గర మిడిల్టన్‌లో. ఐరిష్ వాళ్లంతా మనలాంటి బాధితులే అని రాస్తే అది చరిత్ర కాదు. సామ్రాజ్యాన్ని మోసిన భుజాల్లో వాళ్లవీ ఉన్నాయి.

నైట్‌డ్యూటీ_సిస్టర్
పోలీసుల మాటేంటి? ఆర్ఐసీలో, అంటే బ్రిటిష్ పాలనలోని ఐర్లాండ్ పోలీసు దళంలో ఎక్కువమంది ఐరిష్ వాళ్లే, అందులోనూ క్యాథలిక్కులే ఎక్కువ అంటారు కదా.

చరిత్ర_పురుగు
అవును. స్వాతంత్ర్య యుద్ధం మొదటి తూటాలు 1919 జనవరి 21న సొలొహెడ్‌బెగ్‌లో తగిలింది ఇద్దరు ఐరిష్ క్యాథలిక్ కానిస్టేబుళ్లకే. మొత్తం మీద నాలుగైదు వందల మంది పోలీసులు పోయారు, అందులో బ్రిటన్ నుంచి తెచ్చిన బ్లాక్ అండ్ టాన్స్ కూడా ఉన్నారు. 2020 జనవరిలో డబ్లిన్ కాజిల్‌లో ఆర్ఐసీ వాళ్లని స్మరించుకుందాం అని ప్రభుత్వం అంటే దేశం భగ్గుమంది. కార్యక్రమం వాయిదా వేసుకున్నారు. వందేళ్ల తర్వాత కూడా మానలేదు ఆ గాయం.

బందరురోడ్
అదీ సంగతి. గ్లాస్నెవిన్ శ్మశానంలో గోడ కట్టారు చూశారా, 1916లో పోయిన అందరి పేర్లతో. తిరుగుబాటుదారులు, పౌరులు, వాళ్లని చంపడానికి వచ్చిన సైనికులు, అంతా ఒకే వరసలో. హంతకుడి పేరు, హతుడి పేరు పక్కపక్కన పెడితే అది సమానత్వమా?

లిఫీ_ఒడ్డున
ఆ గోడ నేను చూశాను. 2016లో కట్టారు, మరుసటేడు పెయింట్ పోశారు, 2020లో సుత్తులతో పగలగొట్టారు. ఇక పేర్లు పెట్టబోమని చివరికి వదిలేశారు. కానీ అందులో ఉన్న ఒక పేరు చూడండి. షాన్ ఫాస్టర్, మూడేళ్లు కూడా నిండలేదు. ఏప్రిల్ 24న, అంటే మొదటి రోజే, తల్లి చర్చ్ స్ట్రీట్‌లో పిల్లల్ని బండిలో తోసుకుంటూ వెళ్తోంది. బారికేడ్ దగ్గర తిరుగుబాటుదారులకీ గుర్రపు సైనికులకీ మధ్య కాల్పుల్లో బండిలో ఉన్న షాన్‌కి తగిలింది. ఆ బారికేడ్ దగ్గర వాలంటీర్లలో ఆ తల్లి సొంత తమ్ముడున్నాడు. పిల్లాడి తండ్రి 1915లోనే బ్రిటిష్ సైనికుడిగా ఫ్రాన్స్‌లో పోయాడు. ఒకే ఇంట్లో మూడు పక్షాలూ ఉన్నాయి. ఆ వారంలో పదహారేళ్లూ అంతకు లోపూ ఉన్న పిల్లలే 40 మంది పోయారు.

హంతకుడు, హతుడు అని గీత గీస్తే ఈ ఇంటిని ఎక్కడ పెట్టాలి?

బందరురోడ్
పిల్లాడిని ఎవరైనా కాదంటారా? పౌరుల్ని కలపండి, నాకేం అభ్యంతరం లేదు. గోడ మీద ఆ సైనికుల పేర్లే వద్దంటున్నాను.

చరిత్ర_పురుగు
మొదట్లో డబ్లిన్‌లో తిరుగుబాటు మీదికి దిగిన పటాలాలు ఎక్కువగా ఐరిష్ రెజిమెంట్లే. రాయల్ డబ్లిన్ ఫ్యుజిలియర్స్ వాళ్లు సొంత ఊరి కుర్రాళ్ల మీద కాల్చారు. సరిగ్గా అదే వారం, ఏప్రిల్ 27 నుంచి 29 వరకు, ఫ్రాన్స్‌లో హులూష్ దగ్గర 16వ ఐరిష్ డివిజన్ మీద జర్మన్లు విషవాయువు వదిలారు. అక్కడ పోయినవాళ్లు 500 మందికి పైన. డబ్లిన్‌లో పోయినవాళ్లు దాదాపు అంతే. తర్వాత కొన్నాళ్లకి జర్మన్లు కందకాల ముందు బోర్డులు పెట్టారు, ఇంగ్లీషు ఫిరంగులు మీ పెళ్లాం పిల్లల మీద పేలుతున్నాయి అని. ఆ బోర్డు చదివిన డబ్లిన్ కుర్రాడి స్థితి ఊహించుకోండి. వాళ్లు తిరిగి వచ్చేసరికి 1918 డిసెంబరు ఎన్నికల్లో, పూర్తి స్వాతంత్ర్యం కావాలన్న సిన్ ఫేన్ పార్టీ ఐర్లాండ్‌లోని 105 సీట్లలో 73 గెలిచేసింది. బ్యాండు మేళంతో పంపిన ఊరే ఇప్పుడు మొహం తిప్పుకుంటోంది. మాజీ సైనికులు కొందర్ని గూఢచారులన్న అనుమానంతో ఐఆర్ఏ చంపింది కూడా.

కార్క్_కుర్రాడు
మొహం తిప్పుకోవడం ఎప్పుడు తగ్గింది?

నైట్‌డ్యూటీ_సిస్టర్
మా పెద్ద సిస్టర్ ఒకావిడ ఇక్కడి ఉత్తర ఐర్లాండ్‌లోని ఎనిస్కిలెన్ ఊళ్లో బాంబు పేలిన తర్వాత అంటారు. 1987 నవంబరులో యుద్ధ మృతుల స్మరణకి వచ్చినవాళ్ల మధ్య తర్వాతి తరం ఐఆర్ఏ పెట్టిన బాంబు పేలి 11 మంది పోయారు. దక్షిణాన కూడా జనం కదిలిపోయారట.

రాజోలు_మాస్టారు
మరుసటి ఏడే ఐలండ్‌బ్రిడ్జ్ తోటని బాగుచేసి మళ్లీ తెరిచారు. అంతకుముందు దశాబ్దాలు పాడుబడి ఉంది, 1950లలో రెండుసార్లు బాంబు పెట్టారు కూడా. 1998 నవంబరు 11న మెసీన్‌లో ఐరిష్ శాంతి గోపురాన్ని ఐర్లాండ్ ప్రెసిడెంట్ మెకలీస్, బ్రిటన్ రాణి కలిసి ప్రారంభించారు. 2011లో రాణి డబ్లిన్ వచ్చి రెండు తోటల్లోనూ పూలు పెట్టింది, ఐర్లాండ్ స్వేచ్ఛ కోసం పోయినవాళ్ల తోటలోనూ, ఐలండ్‌బ్రిడ్జ్‌లోనూ.

లిఫీ_ఒడ్డున
నేను ఇలా రాయాలనుకుంటున్నాను. పక్షాల ప్రకారం కాకుండా తేదీల ప్రకారం. 1915లో టర్కీ గల్లిపోలి యుద్ధం, 1916 ఏప్రిల్ డబ్లిన్, అదే వారం హులూష్, మే నెలలో కాల్పుల శిక్షలు, జులైలో సోమ్, అలా 1921 జులై 11 సంధి దాకా. ఎవరు ఎవరి చేతిలో పోయారో అక్కడే స్పష్టంగా రాస్తాను, దాచను. అమరుడు అన్న మాట ఎవరికీ వాడను, చదివేవాళ్లు నిర్ణయించుకుంటారు.

బందరురోడ్
ఎవరి చేతిలో పోయారో రాస్తానంటే నాకు సమ్మతమే. అమరుడు అన్న మాట మాత్రం కెవిన్ బ్యారీకి వాడకపోతే ఒప్పుకోను.

కార్క్_కుర్రాడు
మెక్‌స్వీనీకి కూడా.

రాజోలు_మాస్టారు
1921 దగ్గర ఆపుతున్నావా బాబూ? అంతర్యుద్ధం వదిలేస్తే సగం చెప్పినట్టే. 1922 జూన్ నుంచి 1923 మే దాకా. బ్రిటన్‌తో కుదిరిన ఒప్పందాన్ని ఒప్పుకున్నవాళ్లకీ కాదన్నవాళ్లకీ మధ్య. అప్పుడు చంపింది, చచ్చింది కూడా అంతకుముందు కలిసి పోరాడిన ఐరిష్ వాళ్లే. ఒప్పందాన్ని కాదన్న రోరీ ఓ'కానర్‌ని 1922 డిసెంబరు 8న కాల్పించిన ప్రభుత్వంలో కెవిన్ ఓ'హిగిన్స్ మంత్రి. ఏడాది కిందట అతని పెళ్లిలో తోడుపెళ్లికొడుకు ఈ రోరీయే. 77 మందిని అలా కాల్పించింది కొత్త ఐరిష్ ప్రభుత్వం.

లిఫీ_ఒడ్డున
సావనీర్‌ వాళ్లు ఇచ్చిందే నాలుగు పేజీలు మాస్టారూ. అంతర్యుద్ధానికి ఇక్కడ విడిగా చర్చ తెరుస్తాను, మొదటి పోస్టు మీరే రాయాలి.

కార్క్_కుర్రాడు
తెరవండి. కెర్రీలో బల్లీసీడీ దగ్గర ఖైదీల్ని మందుపాతర చుట్టూ కట్టి పేల్చిన సంగతి నేను రాస్తా. ఆ స్మారకం దగ్గరికి వచ్చే వారం మా క్లాసు వెళ్తోంది, ఫోటోలు కూడా పెడతాను.